నొప్పులు రాకముందే చదువుకో

అమ్మలూ,

నీకు నెలలు నిండుతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఏం తినాలో, ఎలా పడుకోవాలో చెప్పేవాళ్లు నీ చుట్టూ చాలామందే ఉంటారు. ముప్పై ఏళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసినదాన్ని కాబట్టి నేను కాన్పప్పుడు ఆసుపత్రిలో "ఒప్పుకుంటున్నాను" అని పెట్టించుకునే సంతకం గురించి రాస్తున్నాను.

నొప్పులతో వచ్చిన పిల్ల చేతికి కాగితం ఇచ్చి "ఇక్కడ సంతకం చెయ్యమ్మా" అని నేనే ఎన్నోసార్లు అన్నాను. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికే రెండు నిమిషాల్లో ఎవరు చదువుతారు? ఒకామెకు కాన్పయ్యాక కుట్లు వేస్తుంటే "నాకు కోత పెట్టారా? ఎప్పుడు?" అని అడిగింది. బిడ్డ బయటికి రావడానికి యోని ద్వారం దగ్గర పెట్టే కోత అది, సిజేరియన్ కాదు. కాగితం మీద ఆమె సంతకం ఉంది, విషయం మాత్రం ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచి ఏం చేయబోతున్నా ముందు నోటితో చెప్పి, సరేనన్నాకే చేయడం అలవాటు చేసుకున్నాను.

అందుకే ఈ మాటలన్నీ ఇప్పుడే, చెకప్‌కి వెళ్లినప్పుడే డాక్టరుతో మాట్లాడేసుకో. ఇది ఎందుకు చేస్తున్నారు, దీనివల్ల నాకూ బిడ్డకూ ఏం కావచ్చు, వేరే దారి ఉందా, కాసేపు ఆగితే ఏమవుతుంది అని అడుగు. ఆ చివరి ప్రశ్న మాత్రం మర్చిపోకు. "ఏం కాదు, ఇంకో గంట చూద్దాం" అనే జవాబు నేను చాలాసార్లు విన్నాను.

నొప్పులు పెంచడానికి పెట్టే ఆక్సిటోసిన్ డ్రిప్‌నే తీసుకో. దాంతో నొప్పులు గట్టిగా, దగ్గరదగ్గరగా వస్తాయి. మరీ ఎక్కువైతే బిడ్డకు ఆక్సిజన్ తగ్గొచ్చు, కాబట్టి గుండె చప్పుడు జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలి. డ్రిప్ అవసరమైనవాళ్లకు అది మేలే చేస్తుంది. కానీ గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవడం లేదన్నదొక్కటే కారణమైతే ఇంకా అడుగు. ఆ లెక్క అందరికీ కుదరదనీ, 5 సెంటీమీటర్ల దాకా నెమ్మదిగా సాగడం మామూలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అవసరం చూడకుండా అందరికీ కోత పెట్టడం, బిడ్డ రావడానికి పొట్ట మీద నొక్కడం కూడా వద్దంది.

లోపలి పరీక్ష కూడా నిన్ను అడిగే చెయ్యాలి. ఆపమంటే ఆపాలి. ముందు సరేనన్నదాన్ని తర్వాత వద్దనొచ్చు. నీకు స్పృహ ఉన్నంతసేపూ నిర్ణయం నీదే. మీ ఆయన పెట్టే సంతకం నీ మాటకు బదులు కాదు.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన తీర్పు ఒకటుంది. షుగర్ ఉన్న ఒక తల్లికి, కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే అవకాశం 9-10 శాతం ఉందని డాక్టరు చెప్పలేదు. చెబితే అందరూ సిజేరియనే అడుగుతారని ఆ డాక్టరు ఉద్దేశం. బిడ్డ భుజం నిజంగానే ఇరుక్కుంది, మెదడు దెబ్బతింది. ఆ తల్లి స్థానంలో ఉన్నవాళ్లకు ముఖ్యమనిపించే ప్రమాదాన్ని చెప్పి తీరాలని కోర్టు అంది.

కొన్నిసార్లు నిజంగానే టైమ్ ఉండదు. బొడ్డుతాడు ముందుగా జారినా, రక్తస్రావం ఆగకపోయినా నిమిషాల్లో పని జరిగిపోవాలి. అప్పుడు డాక్టర్లు ఒక్క ముక్కలో చెప్పి చేస్తారు, వాళ్లను చెయ్యనివ్వు. అలాంటప్పుడు ఏం చేస్తారో ముందే అడిగి ఉంచుకుంటే ఆ టెన్షన్‌లో కూడా నీకు విషయం అర్థమవుతుంది.

నీతో లోపలికి ఎవరు వస్తారో ఇప్పుడే తేల్చుకో. నువ్వు మాట్లాడలేనప్పుడు "ఒక్క నిమిషం, ఎందుకో ఆమెకు చెప్పండి" అని మర్యాదగా అడగగల మనిషి కావాలి. భయపడిపోయి అన్నిటికీ తలూపేవాళ్లు వద్దు.

నీకు ఏది ఇష్టమో, ఏది వద్దో ఒక్క పేజీలో రాసి ఫైల్లో పైనే పెట్టుకో. రాశాక ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఒకసారి చదువుదాం.

మీ పెద్దమ్మ