తోట వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మాధవికి మేనత్త ఆశీస్సులు.

నిజాంపేటలో మీ అపార్ట్‌మెంట్ పక్కనున్న ఖాళీ స్థలంలో అందరూ కలిసి కూరగాయల తోట వేయబోతున్నారనీ, ఆ పూచీ నువ్వే నెత్తికెత్తుకున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. అప్పటినుంచి ఒకపక్క సంతోషం, ఒకపక్క గుబులు. తులసికోటలో చెంబెడు నీళ్లు పోయమంటే మరిచిపోయే పిల్లవు, ఇవాళ నలభై కుటుంబాల చేత మట్టి పట్టిస్తానంటున్నావు. జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని కనుక, తోట అనగానే నాకు కాయల కంటే ముందు రోగులు కళ్లముందు మెదులుతారు. ఈ ఉత్తరంలో ఆ చాదస్తం ఉంటుంది, ఓర్చుకో.

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు చూసుకోండి. పక్కనే ఇల్లు కట్టిన చోటు కనుక సిమెంటు పెళ్లలూ మేకులూ ఏరించి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలిపించండి. మొదటి విడతకు తోటకూర, మెంతికూర, గోంగూర చాలు; తోటకూర నెల తిరిగేసరికి కోతకు వస్తుంది కనుక దూరంగా నిలబడి నవ్వేవాళ్లు కూడా గిన్నె పట్టుకుని వస్తారు. ఇవన్నీ నర్సరీలో మొక్కలు అమ్మేవాడైనా చెబుతాడు.

పురుగుమందు సంగతి మాత్రం ఓపికగా చదువు. నువ్వు పుట్టకముందు మేము గుంటూరులో క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు, వెనుక స్థలంలో పది పన్నెండు కుటుంబాలవాళ్లం ఇలాగే తోట పెట్టుకున్నాం. వంగ మొక్కలు ఏపుగా లేచాయి, వాటితోపాటే కాయతొలుచు పురుగూ వచ్చింది. మాలో ఒక పెద్దమనిషి, నిజానికి అందరికంటే ఎక్కువ చాకిరీ చేసినవాడు, కాయలన్నీ పుచ్చిపోతున్నాయన్న బాధ కొద్దీ సొంతూళ్లో పత్తిచేనుకు కొన్న మందును పాత పచ్చడి సీసాలో పోసుకొచ్చి, ఒక సాయంత్రం ఎవరితోనూ అనకుండా చల్లాడు. మరునాడు పొద్దున పక్కింటి ఇల్లాలు ఆ సంగతి తెలియక లేత కాయలు కోసుకెళ్లి వండింది. మధ్యాహ్నానికి ఆమెకూ చిన్నకొడుక్కూ వాంతులు, నోట చొంగ, ఒళ్లంతా చెమటలు. తిన్నది పడలేదనుకుని చుట్టుపక్కలవాళ్లు మజ్జిగ తాగిస్తున్నారు. నేను డ్యూటీ దిగి వచ్చి పిల్లవాడి కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప గుండుసూది మొనంత ఉంది. పత్తి కాలంలో పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లలో అటువంటి కళ్లు మా వార్డులో ఎన్నో చూశాను. రిక్షాలో వేసుకుని పరుగెత్తాం. సమయానికి ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్లు పడ్డాయి, ఇద్దరూ దక్కారు.

ఆ తరువాత ఆ తోటలో ఎవరూ పచ్చిమిరపకాయ కూడా కోయలేదు. పలకరింపులు తగ్గాయి, పిల్లల్ని ఆ వైపు పోనివ్వడం మానేశారు, వానాకాలం వచ్చేసరికి మళ్లన్నీ వయ్యారిభామ కమ్మేసింది. ఆ పెద్దమనిషి బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆయన్ను తిట్టినవాళ్లలో ఒక్కరైనా, తోటలో ఏది చల్లవచ్చో, చల్లితే ఎవరికి చెప్పాలో మొదటే అనుకోకపోవడం అందరి తప్పు అన్న మాట ఎత్తలేదు.

అందుకని, రసాయన మందు గేటు దాటి లోపలికి రాకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించి అందరి చేతా సంతకాలు పెట్టించు. గేటు దగ్గర ఒక నల్లబల్ల కట్టించు. ఏ మడిలో ఏ రోజు ఏం చల్లారో, అది వేపకషాయమైనా సరే, చల్లినవాళ్లే దాని మీద రాయాలి. వంగలో వాడిపోయిన కొమ్మల కొనలు కనిపించగానే తుంచి నాశనం చేయండి, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి. అర కిలో వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పది లీటర్ల ద్రావణం అయ్యేలా నీళ్లు పోసి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఏ మందునూ తిండి సీసాలోకి మార్చకండి. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో 2005లోనే నిషేధించారు, కానీ పత్తి పేరు చెప్పి కొన్న ఏ మందైనా కూరమళ్లలోకి రావడానికి ఎంతసేపు?

ఇక మనుషుల సంగతి. షుగరు ఉన్నవాళ్లను ఉత్త కాళ్లతో మడిలోకి దిగనివ్వకు. అరికాలికి స్పర్శ తగ్గినవాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండు ముదిరిపోతుంది. వార్ఫరిన్ వంటి రక్తం పలచన చేసే మందు వాడేవాళ్లు తోట వచ్చింది కదా అని ఒక్కసారిగా ఆకుకూరలు తినడం పెంచితే మందు పనితీరు మారుతుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లకు వాటిలోని పొటాషియంతో చిక్కు; ఇద్దరూ ముందు డాక్టరును అడగాలి. నీళ్ల డ్రమ్ములకు మూతలుండాలి, వారానికొకసారి వాటిని ఒంపి, తోమి ఎండబెట్టాలి. డెంగీ దోమ ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, అవి దోమలు కావడానికి వారం పది రోజులు చాలు.

రోజుకు 400 గ్రాములకు తగ్గకుండా కూరగాయలూ పళ్లూ తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలభై ఇళ్లకు ఆ లెక్కన మీ తోట ఏ మూలకూ చాలదు, చాలుతుందని ఎవరికీ మాట ఇవ్వకు. పిల్లలు అమెరికాలో ఉండి, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చునే పెద్దవాళ్లు మీ దగ్గర ఎంతమంది లేరు! వాళ్లు పొద్దున్నే లేచి, మెట్లు దిగి, కాస్త వంగి, పక్కవాళ్లతో నాలుగు మాటలాడి పైకి వెళతారే, నా దృష్టిలో మీకు దక్కే ఆరోగ్యంలో ఎక్కువ పాలు అదే. మోకాళ్ల నొప్పులవాళ్లకు నడుమెత్తున రెండు మళ్లు కట్టించు, ఎండ ముదరకముందే పని ముగించేయండి. నువ్వు కూడా ఆఫీసు నుంచి వచ్చి అర్ధరాత్రి దాకా తోట లెక్కలు చూస్తూ కూర్చోకు తల్లీ, నీకు నిద్ర తక్కువైతే తలనొప్పి వస్తుందని నాకు తెలియనిదా.

మీ నాన్నకు మడమ కప్పే బూట్లు నువ్వే దగ్గరుండి కొనిపెట్టు. చెబితే వినడు, చిన్నప్పటినుంచీ అంతే. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నాడో గుర్తు లేదంటే మళ్లీ వేయించు. గోంగూర, బచ్చలి విత్తనాలు పొట్లాల మీద పేర్లు రాసి పంపుతున్నాను. వచ్చే నెల కంటి పరీక్షకు హైదరాబాదు వస్తాను, అప్పటికి గేటు దగ్గర నల్లబల్ల లేకపోతే నేను మీ తోటలో అడుగుపెట్టను.

ఇట్లు,
మీ మేనత్త