సమాధానం: ఎన్నికలు లేకుండా ఏథెన్స్‌లో ప్రజాస్వామ్యం ఎలా?

ప్లేటో ‘రిపబ్లిక్’తో మొదలుపెట్టి బుర్ర వేడెక్కిందనీ, పదవులకు ఎన్నికలే పెట్టని ఏథెన్స్‌ను ప్రజాస్వామ్యం అని ఎలా అంటారనీ అడిగారు కదండీ. ముందు ప్లేటోను పక్కన పెట్టేయండి. ఆయన ఆ వ్యవస్థను విమర్శించినవాడు. అదెలా నడిచేదో తెలియకుండా విమర్శ చదివితే ఏం తలకెక్కుతుంది?

అరిస్టాటిల్ పేరిట ఉన్న ‘ఏథెన్స్ రాజ్యాంగం’ 42వ అధ్యాయం నుంచి చదవండి. 500 మంది కౌన్సిల్, జ్యూరీలు, చాలావరకు పదవులు లాటరీతోనే. చివర్లో జ్యూరీ ఎంపిక భలే ఉంటుంది: పేరు రాసిన పలకలను వరుసగా గుచ్చుతారు, తెల్ల పాచిక పడితే ఆ వరుసవాళ్లకు ఆ రోజు పని, నల్లది పడితే ఇంటికి. 10 మంది సేనాధిపతులను మాత్రం చేతులెత్తి ఎన్నుకునేవారు. ‘రాజనీతి’లో అరిస్టాటిల్ లాటరీది ప్రజాస్వామ్య పద్ధతి, ఎన్నికది కొద్దిమంది పాలన పద్ధతి అంటాడు. మీ చిక్కుముడి అక్కడ విడిపోతుంది. (స్త్రీలకు, బానిసలకు, పరదేశులకు ఇందులో చోటే లేదు, అది వేరే గొడవ.)

ఇక ప్రాచీన రోమ్ గురించి చదవాలంటే క్రీ.పూ. 451–450 నాటి పన్నెండు ఫలకాల చట్టం చాలు. అందులో ఇప్పటికి మిగిలినవి ముక్కలే, టెన్షన్ అక్కర్లేదు. కోర్టుకు పిలిస్తే వెళ్లాలి. రోగో ముసలివాడో అయితే పిలిచినవాడే ఎక్కడానికి పశువునివ్వాలి, పరుపు వేసిన బండి ఇవ్వనక్కర్లేదు. సిలబస్‌లో మిశ్రమ ప్రభుత్వం (ఒక్కరి పాలన, కొద్దిమంది పాలన, ప్రజల పాలన కలిసినది) ఉంటే ఆ తర్వాత గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసిన చరిత్ర ఆరో సంపుటి పట్టుకోండి.