టూరిజం అంటే గైడ్ ఉద్యోగమేనా? స్టాటిస్టిక్స్ చదివిన అమ్మాయికి అక్కడేం పని?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపుతో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. టూరిజంలో డేటా, రీసెర్చ్ వైపు వెళ్తానంటోంది. బంధువులేమో టూరిజం అంటే గైడో, టికెట్ల బుకింగో అంటున్నారు. లెక్కలు చదివి అటు వెళ్లడమేంటని మాకూ టెన్షన్‌గా ఉంది. నిజంగా ఉద్యోగాలున్నాయా? – ఒక తండ్రి

జవాబు: ఉన్నాయండీ. మీ అమ్మాయి ఆలోచన మంచిది. కాకపోతే ఏ దారిలో వెళ్లాలన్నది కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

ముందు ఆ పనేంటో చెప్తాను. కేంద్ర పర్యాటక శాఖ ఏటా గణాంకాలు విడుదల చేస్తుంది. వాటి ప్రకారం 2023లో దేశీయ పర్యాటకులు సుమారు 250 కోట్లు. దేశ జనాభాయే 140 కోట్ల చిల్లర, మరి 250 కోట్ల మంది ఎక్కణ్నుంచి వచ్చారు? అవి మనుషుల లెక్క కాదు, సందర్శనల లెక్క. మీ కుటుంబం అన్నవరంలో ఒక రాత్రి, అరకులో రెండు రాత్రులు హోటల్లో ఉంటే రెండు చోట్లా లెక్కలోకి రావచ్చు. అదే విశాఖలో పిన్నిగారింట్లో దిగితే హోటల్ రిజిస్టర్లో మీ పేరే ఉండదు. ఇలాంటి ప్రయాణాలు ఇంటింటి సర్వేలో కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వ జాతీయ నమూనా సర్వే వాళ్లు 2014-15లో 72వ రౌండ్ పేరుతో ఇంటింటికీ వెళ్లి, ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎంత ఖర్చు పెట్టారు అని అడిగారు. రాత్రి బస చేసిన ప్రయాణాల్లో ఎక్కువ భాగం బంధుమిత్రుల ఇళ్లకు, శుభకార్యాలకు వెళ్లినవేనని తేలింది. హోటల్ లెక్కలే నమ్ముకున్నవాళ్లకి ఈ జనం కనిపించరు. ఒక అంకె చూడగానే ‘ఇందులో ఎవర్ని లెక్కపెట్టారు, ఎవర్ని వదిలేశారు’ అని అడగగలిగే మనిషి ఈ రంగానికి చాలా అవసరం. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలకి ఆ ప్రశ్న వేయడం అలవాటే.

హోటళ్లలోనూ ఇలాంటి లెక్కల పని ఉంది. రాబడి పెరిగేలా గదుల రేట్లు నిర్ణయించే ఆ పనిని రెవెన్యూ మేనేజ్‌మెంట్ అంటారు. వంద గదుల హోటల్ ఉందనుకోండి. గది 2,000 రూపాయలకిస్తే 80 గదులు నిండాయి, 1,60,000 వచ్చింది. 3,000కి ఇస్తే 60 గదులే నిండాయి, కానీ 1,80,000 వచ్చింది. మొత్తం వంద గదుల మీద పంచితే మొదటి రేటుకి గదికి 1,600, రెండో రేటుకి 1,800. ఈ లెక్కనే ‘రెవ్‌పార్’ అంటారు. పైగా గదులు తక్కువ నిండాయి కాబట్టి దుప్పట్ల ఉతుకు, కరెంటు ఖర్చు కూడా తగ్గుతాయి. ఏ వారం ఎంత రేటు పెట్టాలి, పెళ్లిళ్ల ముహూర్తాలు ఎప్పుడు, వరుస సెలవులు ఎప్పుడొస్తున్నాయి, ఇదంతా ముందే చూసి చెప్పేవాళ్లకి హోటల్ గ్రూపులు జీతం ఇస్తాయి. విమాన సంస్థలదీ ఇదే అవసరం. గురుగ్రామ్‌లో మేక్‌మైట్రిప్, బెంగళూరులో రెడ్‌బస్, హైదరాబాద్‌లో అభీబస్ లాంటి బుకింగ్ సంస్థల వ్యాపారమంతా డేటా మీదే నడుస్తుంది.

ఇక డబ్బుకి మించిన విషయం ఒకటుంది. అది మీ ఊళ్లోనే జరిగింది. 2015 గోదావరి పుష్కరాల మొదటి రోజు ఘాట్లు ఎన్నో ఉన్నా జనం పుష్కర ఘాట్‌కే పోటెత్తారు. తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. ఏ గంటకి ఏ ఘాట్‌కి ఎంతమంది వస్తారు, రైళ్లు దిగినవాళ్లు ఎటు నడుస్తారు, ఎక్కడ ఆపాలి అన్న అంచనా ప్రాణాలు కాపాడే పని. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. ఈ చదువు ఎందుకని అడిగే బంధువులకి నేనైతే ముందు ఇదే చెప్తాను.

చదువు సంగతి. ఇప్పుడే స్టాటిస్టిక్స్ వదిలేసి టూరిజం కోర్సులో చేరొద్దన్నది నా గట్టి అభిప్రాయం. కారణం కోవిడ్ చూపించింది. 2019లో మన దేశానికి దాదాపు 1.09 కోట్ల మంది విదేశీ పర్యాటకులు వస్తే, 2020లో 27 లక్షలకి, 2021లో 15 లక్షలకి పడిపోయారు. అలాంటి దెబ్బ మళ్లీ తగిలినా, స్టాటిస్టిక్స్ చేతిలో ఉన్నవాళ్లు బ్యాంకింగ్‌కో, ఆరోగ్య రంగానికో మారిపోగలరు. కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా లాంటి చోట ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయించండి. ఎక్సెల్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ బాగా రావాలి, ప్రోగ్రామింగ్ భాషల్లో ‘ఆర్’ గానీ పైథాన్ గానీ ఒకటి చాలు. టూరిజం ఎంబీఏనే కావాలని పట్టుబడితే కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం అండ్ ట్రావెల్ మేనేజ్‌మెంట్ (ఐఐటీటీఎం) క్యాంపస్ నెల్లూరులోనే ఉంది. మొదట్లో జీతం మాత్రం పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల స్థాయిలో ఉంటుందని ఆశించకండి.

అంతకంటే ముందు ఈ సెలవుల్లో అమ్మాయి చేత ఒక చిన్న సర్వే చేయించండి. మీకు పరిచయమున్న హోటల్ యజమానిని అడిగి, పాపికొండలు చూసొచ్చి గది ఖాళీ చేసే యాత్రికులతో మాట్లాడనివ్వండి. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కర్లేదు. ఏ ఊరు, ఎంతమంది, ఎన్ని రాత్రులు, దేనికెంత ఖర్చయింది, అంతే. ‘ఎంతయిందండీ’ అంటే ‘ఓ పది వేలయింది’ అంటారు. ఆ పది వేలు ఒక్కరిదా, కారులో వచ్చిన ఆరుగురిదా? ఇంటి దగ్గర కొట్టించిన పెట్రోలు కలిపారా? ఆ మాట అడక్కుండా రాసుకుంటే మనిషి సగటు ఖర్చు ఆరింతలు తప్పొచ్చు. ఇలాంటివి క్లాసులో చెప్తే రావు, నాలుగైదు ఫారాలు పాడయ్యాక వస్తాయి. ప్రశ్నలు ఎందుకు మార్చిందో, ఏం తేలిందో నాలుగు పేజీల్లో రాసుకుంటే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే అదే పనికొస్తుంది. గోదావరికి వరదొస్తే బోట్లు ఆపేస్తారు కాబట్టి తేదీలు చూసుకుని మొదలుపెట్టండి.

ప్రభుత్వ ఉద్యోగం మీద మీకు ఆశ ఉంటే అదీ ఈ దారిలోనే ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంది కనుక పాసయ్యాక స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) నిర్వహించే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకి, యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కి రాయొచ్చు. పైన చెప్పిన ఇంటింటి సర్వేలు నడిపేది ఈ ఉద్యోగులు పనిచేసే కేంద్ర గణాంక శాఖే. వయసు, ఇతర అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని, ఎమ్మెస్సీ చదువుతూనే సిద్ధమవమనండి. సిలబస్ చాలావరకు కలిసొస్తుంది.