ఆది జాకెట్ లేని మనకు కొలతలే దిక్కు

అక్క పెళ్లి నెల రోజుల్లో ఉంది, నేను ట్రాన్స్ అమ్మాయిని, 5 అడుగుల 11 అంగుళాల ఎత్తు, బెంగళూరులో ఏ షాపుకెళ్లినా కుర్తాలు భుజాల దగ్గర పట్టేస్తున్నాయి, చీర కడితే చీలమండల పైనే ఆగిపోతోంది, ఏం చేయాలి అని అడిగావు కదా చెల్లీ. నాది 5 అడుగుల 10. మాది మదనపల్లె, ఏడేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నా. నాకు పనికొచ్చినవే చెప్తాను.

ముందు సైజు లేబుల్ చూడటం మానెయ్. ఎక్స్ఎల్ అని రాసున్న కుర్తాలో కూడా భుజం 15 అంగుళాల దగ్గరే ఆగిపోయేది, నా భుజం 17. కాబట్టి భుజానికి సరిపోయింది కొనుక్కుని పక్కలు కుట్టు వేయించి బిగించుకో. పక్కలు లూజు తగ్గించడం అరగంట పని, భుజం చాలకపోతే మాత్రం ఎంత మంచి టైలరైనా ఏమీ చేయలేరు. మెడ నుంచే చెయ్యి మొదలయ్యే రాగ్లాన్ కట్ దొరికితే వదలకు, అందులో భుజం కుట్టే ఉండదు.

పెళ్లికి మాత్రం కుట్టించుకోవాల్సిందే. ఇక్కడే నాకు బాగా దెబ్బ తగిలింది. టైలర్ దగ్గరికి వెళ్లగానే మొదటి మాట "ఆది జాకెట్ తెచ్చావా?" అని. కొలతకి చూపించే, ఒంటికి సరిపోయిన పాత జాకెట్ అన్నమాట, అది మన దగ్గర ఎక్కడుంటుంది? ఆడపిల్లలకి అమ్మ పక్కన నిలబడి కొలతలు తీయిస్తుంది, మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడవు అనే మాటలన్నీ వింటూ పెరుగుతారు. నేను 26 ఏళ్లకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన టేపు నాకు ఆనకుండా దూరం నుంచే నాలుగు అంకెలు రాసుకున్నాడు, వచ్చిన జాకెట్ ముందు భాగం చొక్కాలా చదునుగా ఉంది, చెయ్యి ఎత్తితే చంకల్లో కోసుకుపోయేది. ఆ రోజు రూమ్‌కొచ్చి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత మా వీధిలోనే కదిరి నుంచి వచ్చిన, జాకెట్లు కుట్టే ఒకక్క దొరికింది. ఆమె అన్న మొదటి మాట, "పెళ్లిలో లోపల ఏ బ్రా వేసుకుంటావో అదే వేసుకుని రామ్మా, అప్పుడే కొలత తీస్తా." ఇది చాలా ముఖ్యం, ప్యాడ్ ఉన్నదానికీ లేనిదానికీ డాట్ పాయింట్, అంటే ఛాతీ ఎత్తుగా వచ్చే చోటు, మారిపోతుంది. భుజం నుంచి ఆ పాయింట్ వరకు టేపు పెట్టి చూసి, "మామూలుగా పది వేస్తాం, నీకు పదకొండు" అని పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీసింది. చంక చుట్టుకొలత, భుజం, డాట్ పాయింట్, జాకెట్ పొడవు, ఈ నాలుగూ రాయకుండా ఎవరైనా చాలంటే బట్ట వెనక్కి తీసుకో. హార్మోన్లు మొదలుపెట్టి రెండు మూడేళ్లు కాలేదంటే ఛాతీ ఇంకా మారుతుంది, పక్కల్లో రెండేసి అంగుళాలు బట్ట వదలమను.

ఇక చీర. మామూలు చీర పొడవు ఐదున్నర మీటర్లు, అది మనకు చాలు, చాలనిది పన్నా, అంటే చీర వెడల్పు. ఎక్కువ చీరలకి 44 నుంచి 48 అంగుళాల మధ్య ఉంటుంది. నా నడుము నుంచి నేలకి 44, మూడంగుళాలు లోపల దోపితే 45 పన్నా చీర 42 దగ్గర ఆగుతుంది. చిక్‌పేటలో కొనేటప్పుడు బ్యాగులోంచి టేపు తీసి కొలుచుకో, ఎవరేమనుకున్నా సరే. అమ్మ ఇచ్చిన చీర అయితే ఆ కదిరి అక్క నాకు చేసిన పని చెయ్యి: పాత నూలు చీరలోంచి ఐదంగుళాల వెడల్పు పట్టీ కత్తిరించి, దోపుకునే పై అంచుకి కుట్టింది. చీర ఒకసారి కట్టుకుని, కుచ్చిళ్లు అయిపోయే చోట పిన్ను పెట్టుకో, పట్టీ అక్కడివరకే, నాకు రెండున్నర మీటర్లు పట్టింది. అది దాటితే నడుము దగ్గర పట్టీ బయటికి కనిపిస్తుంది. లోపలి లంగా కూడా రెడీమేడ్ వద్దు, కుట్టించుకో.

కుర్తా బట్ట రెండున్నర మీటర్లు చాలంటారు, నువ్వు మూడు తీసుకో, నూలైతే కుట్టించే ముందే నానబెట్టి ఆరెయ్.

ట్రయల్ రూమ్ గురించి అడగలేదు గానీ చెప్తున్నా. ఒక షోరూమ్‌లో నన్ను జెంట్స్ వైపు పొమ్మన్నారు. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ప్రకారం షాపుల్లో మన మీద వివక్ష చూపకూడదు, మేనేజర్‌ని పిలిపించి అదే గట్టిగా చెప్పాను, తలుపు తీశారు. ఒక్కదానివే వెళ్లకు, పనిరోజు పొద్దున రద్దీ లేనప్పుడు ఫ్రెండ్‌ని తీసుకుని వెళ్లు.

పెళ్లిళ్ల సీజన్లో టైలర్లు రోజులు లాగుతారు, ఈ వారమే బట్ట ఇచ్చెయ్. ముందు నడుము నుంచి నేలదాకా, ఏ చెప్పులు వేసుకుంటావో వాటితోనే నిలబడి కొలిపించుకుని ఆ అంకె, చీర పన్నా నాకు చెప్పు, పట్టీ ఎంత వెడల్పు కావాలో లెక్క చూసి చెప్తాను.