టెక్ సందేహాలు: అరబిక్ ట్యూటర్‌కు డబ్బు కట్టే ముందు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అరబిక్ గురించే ఉన్నాయి. కడప, రాయచోటి, పులివెందుల చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి ఉండదు కాబట్టి ఇది నాకు కొత్తగా అనిపించలేదు. బ్యాటరీలు, వైఫై ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క వారం ఆగాలి.

మూడు నెలల్లో కువైట్‌కు హౌస్ డ్రైవర్‌గా పోతున్నాను. ఆన్‌లైన్‌లో ఈజిప్ట్ ట్యూటర్ ఒకాయన దొరికాడు. పది క్లాసులకు ఒకేసారి డబ్బు కట్టమంటున్నాడు. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. కట్టొచ్చా సార్? (రాయచోటి)

ఇప్పుడే కట్టకండి. ఆయన మంచి టీచరే కావచ్చు. కానీ ఆయన నేర్పే అరబిక్, మీరు పనిచేయబోయే ఇంట్లో వినబడే అరబిక్ ఒకటేనా అన్నది ముందు చూడాలి.

పుస్తకాల్లో, టీవీ వార్తల్లో ఉండే అరబిక్‌ను ఫుస్‌హా అంటారు. అరబ్ దేశాలన్నిటిలో చదువుకున్నవాళ్లకు అది అర్థమవుతుంది, కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోరు. మన దగ్గర ఒకప్పుడు గ్రాంథికానికీ వాడుక భాషకూ ఉన్న దూరం గుర్తు చేసుకోండి. గ్రాంథికం మాత్రమే నేర్చుకున్న మనిషి కడప బస్టాండులో దిగితే ఎంత ఇబ్బంది పడతాడో, ఫుస్‌హా ఒక్కటే నేర్చుకుని కువైట్‌లో దిగినవాడూ అంతే ఇబ్బంది పడతాడు.

"ఎలా ఉన్నావు" అనడానికి ఫుస్‌హాలో మగవాళ్లతో 'కైఫ హాలుక', ఆడవాళ్లతో 'కైఫ హాలుకి' అంటారు. కువైట్ ఇంట్లో మీకు వినబడేది 'ష్లోనక్', 'ష్లోనిచ్'. "ఇప్పుడు" అన్న మాట పుస్తకంలో 'అల్ఆన్', అక్కడ 'అల్‌హీన్'. "నాకు కావాలి" అనడానికి పుస్తకంలో 'ఉరీదు', కువైట్‌లో 'అబీ', ఈజిప్ట్‌లో 'ఆయిజ్'. అక్షరాలు కూడా మారతాయి. కోడిని పుస్తకంలో 'దజాజ్' అంటే కువైటీల నోట అది 'దియాయ్' అవుతుంది. అదే 'జ' అక్షరాన్ని కైరోవాళ్లు 'గ' అంటారు. నేరుగా పొమ్మనడానికి మాత్రం కువైట్‌లో 'సీదా' అనే అంటారు. ఆ మాట మన వైపు నుంచే అక్కడికి పోయింది కాబట్టి డ్రైవర్‌గా మీకు అది కొత్తగా నేర్వాల్సిన పని లేదు.

కాబట్టి మీకు కావలసింది గల్ఫ్ మాండలికం, వీలైతే కువైటీ నేర్పేవాళ్లు. ప్రెప్లీ, ఐటాకీ లాంటి సైట్లలో ఎక్కువగా కనిపించేది ఈజిప్ట్, సిరియా వైపు ట్యూటర్లే. గల్ఫ్‌వాళ్లు తక్కువ, రేటు కూడా కొంచెం ఎక్కువే ఉంటుంది. వెతికేటప్పుడు ట్యూటర్ పుట్టిన దేశం, ఆయనకు వచ్చిన ఇతర భాషలు అనే రెండు ఫిల్టర్లు వాడండి. రెండో దాంట్లో ఉర్దూ లేదా హిందీ పెట్టి చూడండి. ఇంగ్లిష్ బెంగ సగం అక్కడే తీరిపోతుంది. కువైటీ దొరక్కపోతే గల్ఫ్‌లో చాలా ఏళ్లు ఉన్న ఈజిప్ట్ ట్యూటరైనా పనికొస్తాడు. "కువైట్ ఇంట్లో మాట్లాడే తీరులోనే నేర్పండి" అని మొదటి మెసేజ్‌లోనే అడగండి. దానికి ఆయన వెంటనే ఫుస్‌హా గొప్పతనం చెప్పడం మొదలుపెడితే ఇంకొకరిని చూసుకోండి.

ట్రయల్ క్లాసులో నేను గమనించేది ముఖ్యంగా ఒక్కటే. నా తప్పును ఆయన వింటున్నాడా, ఆపి సరిచేస్తున్నాడా? అరబిక్‌లో 'క' రెండు రకాలు. మనం పలికే మామూలు 'క' ఒకటి, కొండనాలుక దగ్గర నుంచి పలికేది రెండోది. రెండో దానితో 'కల్బ్' అంటే గుండె, మొదటి దానితో అంటే కుక్క. మీరు ఆ రెండూ ఒకేలా పలికినా "బాగుంది, బాగుంది" అంటూ ముందుకు పోయే ట్యూటర్ మీకు వద్దు. ఇంకో సంగతి, ఆ లోపలి 'క' కువైట్‌లో చాలా మాటల్లో 'గ' అయిపోతుంది. గుండెను 'గల్బ్' అంటారు. గల్ఫ్ భాష నిజంగా నేర్పే ట్యూటర్ ఈ మాట అడక్కుండానే చెబుతాడు.

మీ వీధిలో పదేళ్లు కువైట్‌లో చేసి వచ్చినవాళ్లు ఉంటే రోజూ సాయంత్రం వాళ్లతో ఓ పావుగంట కూర్చోండి. అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి) అంటే ఏమిటి, కఫీల్‌తో (మిమ్మల్ని పిలిపించుకున్న యజమానితో) ఎలా మెలగాలి అన్నవి ఏ ట్యూటరూ వాళ్లంత బాగా చెప్పలేడు. అయితే పనివాళ్లందరూ కలిసి అక్కడ మాట్లాడుకునే అరబిక్‌లో ఆడ మగ తేడా, నిన్న రేపు తేడా చాలావరకు జారిపోతాయి. దానితో పని గడుస్తుంది. కానీ జీతం ఆగినప్పుడో, ఒంట్లో బాగాలేనప్పుడో నీ మాట నువ్వు సరిగ్గా చెప్పుకోవాలి. భాష రాక ఆ సమయంలో నోరు మూసుకుని ఉండిపోయిన మనవాళ్లను నేను చూశాను. మూడు నెలలు ఉన్నాయంటున్నారు కదా, వారానికి మూడు క్లాసులు తీసుకోండి. ఈ ఖర్చుకు వెనకాడకండి.

టైము సంగతి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5:30. ఈజిప్ట్‌లో మాత్రం వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. 2023 నుంచి మళ్లీ ఆ పద్ధతి మొదలైంది. వేసవిలో రాత్రి 8కి ఉన్న క్లాసు నవంబరు వచ్చేసరికి మీకు 9 అవుతుంది. క్లాసు పోగొట్టుకున్నాక టెన్షన్ పడకుండా ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో క్లాసు వింటున్నా. పాటలు బ్రహ్మాండంగా వస్తాయి, ట్యూటర్ గొంతు మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టుంది. ఇయర్‌బడ్స్ పాడయ్యాయా? (కడప)

పాడవలేదు. ఇది నాకూ జరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పాట వింటున్నప్పుడు ఫోన్ నుంచి చెవికి ఒక్క వైపే శబ్దం వస్తుంది, బ్లూటూత్ దాన్ని మంచి క్వాలిటీలో పంపుతుంది. మైకు ఆన్ కాగానే రెండు వైపులా శబ్దం పోవాలి కదా, అప్పుడది కాల్స్ కోసం ఉన్న వేరే పద్ధతికి మారిపోతుంది. పాత రకం అయితే సెకనుకు 8,000 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచి పంపుతుంది, కొంచెం కొత్తదైతే 16,000. చేరేది అందులో సగం వరకే కాబట్టి మొదటి దాంట్లో 4,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దాటిన శబ్దమేదీ మీ చెవికి చేరదు. 'స', 'ఫ', నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే 'థ' లాంటి శబ్దాలను విడదీసి చూపేది ఆ పైనున్న సన్నని శబ్దమే. ఫోన్‌లో ఎవరైనా పేరు చెబితే "ఎస్సా, ఎఫ్ఫా" అని మళ్లీ అడుగుతాం, కారణం ఇదే. తెలుగులో అయితే సందర్భాన్ని బట్టి ఊహించుకుంటాం. కొత్త భాషలో ఊహించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఏడు రోడ్ల దగ్గర ఏ మొబైల్ షాపులోనైనా మైకు ఉన్న వైరు ఇయర్‌ఫోన్ దొరుకుతుంది. మీ ఫోన్‌కు గుండ్రటి జాక్ లేకపోతే టైప్ సీ పిన్నుది అడగండి. అంతే, మీ సమస్య పోతుంది.

రెండోది నాయిస్ సప్రెషన్. ఫ్యాన్ శబ్దం, వీధిలో ఆటోల శబ్దం తీసేయడానికి జూమ్ లాంటి యాప్‌లు ఈ పని చేస్తాయి. అరబిక్‌లో గొంతు బిగించి గాలి వదిలే 'హా' ఒకటుంది. దాన్నీ ఫ్యాన్ శబ్దం లాంటిదే అనుకుని యాప్ తీసేయొచ్చు. నేను నేర్చుకునే మొదటి నెలంతా మా ట్యూటర్ నా 'హా' వినబడడం లేదనేది. నా గొంతులోనే లోపమని ఒక దశలో మానేద్దామనుకున్నాను. చివరికి జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో సప్రెషన్‌ను 'లో'కి తగ్గించి, వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ రోజే "ఇప్పుడు సరిగ్గా వచ్చింది" అంది. అక్కడే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అనే ఆప్షన్ కూడా ఉంటుంది, అది శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది. ఫ్యాన్ ఆపుకోగలిగితే ఆ ఆప్షన్ ఇంకా మంచిది. ట్యూటర్‌ను కూడా ఇదే చేయమని అడగండి. సొంత భాష పలికే మనిషి దగ్గర నేర్చుకుంటున్నదే ఆ శబ్దం కోసం.

ఉర్దూ బాగా చదువుతాను, రాస్తాను. డిగ్రీలో అరబిక్ తీసుకున్నా. యాప్‌లో సరైన స్పెల్లింగే టైప్ చేసినా తప్పు అని చూపిస్తోంది. ట్యూటర్ చూసి కరెక్టే అంటున్నారు. (ప్రొద్దుటూరు)

మీరు టైప్ చేస్తున్నది ఉర్దూ కీబోర్డుతో. కాఫ్, యే, హే అక్షరాలు కంటికి దాదాపు ఒకేలా ఉన్నా యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు వాడే పట్టికలో) ఉర్దూకు ఒక నంబరు, అరబిక్‌కు ఇంకో నంబరు ఉన్నాయి. మనిషి ఆకారం చూసి చదువుతాడు, యాప్ నంబరు చూస్తుంది. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కు వెళ్లి అరబిక్ కీబోర్డు కలుపుకోండి. డిక్షనరీలో కొన్ని మాటలు దొరక్కపోవడం కూడా దీనితో ఆగిపోతుంది.

మీకు లిపి వచ్చు కాబట్టి మిగతావాళ్లకంటే ఎంతో ముందున్నారు. ఒక్కటే జాగ్రత్త. ఉర్దూలో సే, సీన్, స్వాద్ మూడూ 'స'గానే పలుకుతాం. అరబిక్‌లో మూడు వేర్వేరు శబ్దాలు. ట్యూటర్‌తో మొదటి నాలుగు క్లాసులు ఈ అలవాటు మార్చుకోవడానికే వాడండి. మీకు కావలసింది ఫుస్‌హానే కాబట్టి ఈజిప్ట్ ట్యూటర్ అయినా హాయిగా తీసుకోవచ్చు.

నోట్సు తయారు చేసేటప్పుడు తెలుగు, అరబిక్ ఒకే లైనులో రాయకండి. ఒకటి ఎడమ నుంచి, ఇంకొకటి కుడి నుంచి నడుస్తుంది కాబట్టి ఫుల్‌స్టాప్‌లు, బ్రాకెట్లు ఎక్కడెక్కడికో పోతాయి. వర్డ్‌లో రెండు గళ్ల టేబుల్ పెట్టి, అరబిక్ గడిలో కంట్రోల్‌తో పాటు కుడివైపు షిఫ్ట్ నొక్కండి. ఇంకా లిపి నేర్వనివాళ్లకు ఒక మాట. అరబిక్‌లో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. గుణింతం గుర్తులు తీసేసి తెలుగు రాసినట్టు అనుకోండి. 'కతబ' అంటే రాశాడు, 'కుతుబ్' అంటే పుస్తకాలు, కాగితం మీద రెండిటికీ అవే మూడు అక్షరాలు. అచ్చుల గుర్తులు పెట్టి ఇవ్వమని ట్యూటర్‌ను అడగండి.

జూమ్ క్లాసు మధ్యలో ఆగిపోతోంది. (పులివెందుల)

ఉచిత అకౌంట్‌లో ఇద్దరే ఉన్నా 40 నిమిషాలే. గూగుల్ మీట్‌లో ఇద్దరి కాల్‌కు ఆ ఇబ్బంది లేదు.

డెబిట్ కార్డుతో విదేశీ సైట్‌లో కట్టబోతే ఫెయిల్ అవుతోంది. (మైదుకూరు)

2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశం లోపల వాడకానికి మాత్రమే ఆన్‌లో ఉండి వస్తాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ వాడకం ఆన్ చేసి, చిన్న లిమిట్ పెట్టి, కట్టాక మళ్లీ ఆఫ్ చేయండి. మారకానికి బ్యాంకు తన చార్జీ కలుపుతుంది, దాన్నీ లెక్కలో పెట్టుకోండి. ప్రెప్లీలో ట్రయల్ తర్వాత సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది, నాలుగు వారాలకోసారి దానంతట అదే రెన్యూ అవుతుంది. ఐటాకీలో ఒక్కో క్లాసు కొనుక్కోవచ్చు. ట్యూటర్ "సైట్ బయట పంపండి, తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. గొడవ వస్తే అడగడానికి మీకు ఎవరూ ఉండరు. మోసపోయారని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మా ఆయన కువైట్ నుంచి డబ్బు కట్టిన రసీదు ఫోటో పంపాడు. అంకెలు ఒక్కటీ అర్థం కాలేదు. (రాజంపేట)

గూగుల్ లెన్స్‌లో ఆ ఫోటో తెరిస్తే అనువాదం వస్తుంది. కానీ అంకెలు పది నిమిషాల్లో మీరే నేర్చుకోవచ్చమ్మా. అక్షరాలు కుడి నుంచి నడిచినా అంకెలు మనలాగే ఎడమ నుంచి చదవాలి. మన సున్నాలా గుండ్రంగా ఉన్నది అయిదు. చిన్న చుక్క సున్నా. ఏడులా కనబడేది ఆరు. ఇంగ్లిష్ 'వి' లాంటిది ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. ఒకటి, తొమ్మిది మామూలుగానే ఉంటాయి. ఇంకొకటి, కువైట్ దీనార్‌కు 1,000 ఫిల్సులు. అందుకే పాయింటు తర్వాత మూడు అంకెలు రాస్తారు. రసీదులో 120.500 అని ఉంటే అది లక్షా ఇరవై వేల అయిదు వందలు కాదు, నూట ఇరవైన్నర దీనార్లు.