పికప్‌కు క్యాంపింగ్ ట్రైలర్ తగిలించేటప్పుడు ఏ బరువు చూడాలి?

బెంగళూరు నుంచి హార్స్‌లీ హిల్స్‌కు పికప్ వెనక ట్రైలర్ కట్టుకుని వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చు, కానీ బ్రోషర్‌లోని ట్రైలర్ ఖాళీ బరువు నమ్ముకోకండి. 100 లీటర్ల నీళ్లు నింపితేనే 100 కిలోలు పెరుగుతుంది, ఆపైన గ్యాస్ సిలిండర్, బ్యాటరీ, సామాన్లు. ట్రైలర్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువు, బండి మాన్యువల్‌లోని టోయింగ్ పరిమితికి, అంటే బండి లాగగల గరిష్ఠ బరువుకు, బాగా లోపలే ఉండాలి.

చాలామంది మరిచిపోయేది, ట్రైలర్‌ను బండికి తగిలించే హుక్కు మీద పడే బరువు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాలకు పట్టు పోతుంది. హుక్కు మీద పడే ఈ బరువును కూడా పికప్ మోయగల లోడులోంచే, మనుషులతో పాటు, తీసేయాలి.

ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే మాత్రం ఆ ఘాట్ రోడ్డుకు దయచేసి తీసుకెళ్లకండి.