ఇగ్బో నవలల్లో అడుగడుగునా సామెతలు, కోలా గింజలు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. నైజీరియాకు చెందిన ఇగ్బో రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ చదవడం మొదలుపెట్టారు. ఇద్దరు మనుషులు కలిస్తే కోలా గింజ (మన వక్కలా నమిలేది, అతిథికి మర్యాదగా ఇచ్చేది) పగలగొట్టడం, నోరు తెరిస్తే సామెత చెప్పడం చూసి మీకు విసుగు పుట్టింది. ఇవి బయటి పాఠకుల కోసం అద్దిన రంగులా, లేక అక్కడి జనం నిజంగానే అలా బతుకుతారా అని అడిగారు. తెలుగులో దొరికే ఆఫ్రికా నవల ఒకటి చెప్పమని కూడా అడిగారు.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ని కాను. 2008 నుంచి 2014 వరకు నైజీరియాలోని ఒనిట్షా పట్టణంలో ఒక ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేశాను. ఆ నవలను అక్కడికి వెళ్లే ముందు ఒకసారి చదివి, మీకు విసుగనిపించిన చోట్లనే దాటేశాను. తిరిగి వచ్చాక మళ్లీ చదివినప్పుడు ఆ చోట్ల దగ్గరే ఆగిపోయాను. ఒక్క నైజీరియాలోనే ఐదు వందలకు పైగా భాషలున్నాయి కాబట్టి, నేను చెప్పేదంతా ఆగ్నేయ నైజీరియాలో ఉండే ఇగ్బో వారి సంగతేనని, ‘ఆఫ్రికా’ మొత్తానికి వర్తించేది కాదని గమనించగలరు. మన పాఠకుల్లో చాలామందికి ‘ఏడు తరాలు’ ద్వారా పరిచయమైన గ్రియో, అంటే వంశ చరిత్రను కంఠస్థం చేసి చెప్పేవాడు, పశ్చిమాన ఉన్న మాండింకా వంటి సమాజాల మనిషి. అక్కడ ఆ విద్య కొన్ని కుటుంబాలకు వంశపారంపర్యంగా వస్తుంది. ఇగ్బోల్లో అటువంటి ప్రత్యేక కులం లేదు. మాటనేర్పు ఊళ్లో ప్రతివాడికీ ఉండవలసిన విద్యే. వారి నవలల్లో ప్రతి పాత్రా సామెత చెప్పడానికి ఇది మొదటి కారణం.

‘సామెత అంటే మాటలు తినడానికి కావలసిన పామాయిల్’ అని ఇగ్బోలు అంటారు. ఆ పామాయిల్‌ను మన రేషన్ షాపు పామోలిన్‌తో పోల్చుకుంటే ఈ మాటకు అర్థం లేదు. అక్కడి నూనె ఎర్రగా, చిక్కగా, ఘాటైన వాసనతో ఉంటుంది. ఒనిట్షాలో రోడ్డు పక్కన యామ్ దుంపను, అంటే మన పెండలం జాతి దుంపను, బొగ్గుల మీద కాల్చి అమ్ముతారు. తొందరలో ఒకరోజు నేను దానిని ఉత్తిగా కొరికితే పిండి ముద్దలా గొంతుకు అడ్డుపడింది. ఎర్రనూనెలో ముంచి తిన్నప్పుడు మాత్రమే అది లోపలికి జారుతుంది. సామెతను నూనెతో పోల్చినవారు దానిని పోపుగానో అలంకారంగానో ఉద్దేశించలేదు. అది లేకపోతే మాట మింగుడుపడదన్నదే వారి భావం.

ఇది ఎంత నిజమో మా ఫ్యాక్టరీలోనే చూశాను. మాకు బోల్టులు, బేరింగులు సరఫరా చేసే ఒక పెద్దాయనకు మూడు నెలల బకాయి ఉండిపోయింది. ఆయన ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుని, వానల గురించి, నా పిల్లల చదువు గురించి అరగంట మాట్లాడి, చివరికి ‘కప్ప పట్టపగలు ఊరికే పరుగెత్తదు’ అన్నాడు. తాను ఊరికే రాలేదని, బకాయి కోసమే వచ్చానని ఆయన భావం. నేను అమాయకంగా ‘ఏ కప్ప?’ అని అడిగాను. మా స్టోర్ కీపరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. సామెత చెప్పి దాని అర్థం కూడా విడమరచి చెప్పవలసి వస్తే, ఆ వినేవాడి తల్లికి ఇచ్చిన కన్యాశుల్కం దండగ అని వారికి ఇంకొక సామెత ఉందని, ఆ పూట నా పరువు అలా పోయిందని అతను తర్వాత వివరించాడు. మీరు చదువుతున్న నవల మొదటి అధ్యాయంలో ఒకోయె అనే మనిషి ఉనోకా ఇంటికి వచ్చి, ముందు కోలా పంచుకుని, అవీ ఇవీ మాట్లాడి, వరుసగా అరడజను సామెతలు చెప్పిన తర్వాత గాని రెండు వందల గవ్వల అప్పు సంగతి ఎత్తడు. మొదటిసారి చదివినప్పుడు నాకది సాగదీతగా తోచింది. మా బోల్టుల పెద్దాయనను చూశాక, అప్పు పడినవాడి పరువు తీయకుండానే వసూలు చేసుకునే పద్ధతి అదని అర్థమైంది. (ఆ వారంలోనే ఆయన చెక్కు తయారైంది.)

ఇక కోలా గింజ సంగతి. డిసెంబరు వచ్చిందంటే లాగోస్ నుంచీ, అబుజా నుంచీ ఇగ్బోలు కుటుంబాలతో సహా సొంత ఊళ్లకు చేరుకుంటారు. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టే. అటువంటి ఒక క్రిస్మస్ సెలవులకు స్టోర్ కీపరు నన్ను న్నేవి పట్టణానికి దగ్గరలో ఉన్న తన పల్లెకు తీసుకువెళ్లాడు. వాళ్ల నాన్నగారు చెక్క పళ్లెంలో నాలుగైదు కోలా గింజలు, పక్కన కారం కలిపి నూరిన వేరుసెనగ ముద్ద పెట్టి తెప్పించారు. ఆ పళ్లెం వెంటనే నా ముందుకు రాలేదు. కూర్చున్న బంధువుల్లో ఎవరి తర్వాత ఎవరికి చూపించాలో ఒక వరుస ఉంది. ఒక్కొక్కరూ పళ్లేన్ని తాకి తర్వాతివారికి అందించారు. అందరినీ చుట్టి అది నా దగ్గరికి వచ్చి, మళ్లీ పెద్దాయన చేతికే చేరింది. ‘రాజుగారి కోలా రాజుగారి చేతిలోనే ఉంది’ అని చెప్పి తిరిగి ఇవ్వాలని స్టోర్ కీపరు ముందే నేర్పాడు గనుక బతికిపోయాను. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి ఇల్లు ఎవరి ఇంటి నుంచి చీలిందో ఆ పళ్లెం తిరిగిన దారిలోనే తెలిసిపోతుంది. మనవైపు పెళ్లిపందిట్లో తాంబూలాలు ఎవరికి ముందు ఇవ్వాలన్న తగవు చూసినవారికి దీనిని వివరించనవసరం లేదు.

తర్వాత పెద్దాయన ఒక గింజను పైకెత్తి ఆకాశాన్ని, నేలను, చనిపోయిన పెద్దలను పిలిచి ప్రార్థించారు. ‘గద్దా వాలనీ, డేగా వాలనీ, ఒకటి ఇంకొకదాన్ని వాలొద్దంటే దాని రెక్క విరిగిపోనీ’ అన్నప్పుడు గదిలో ఉన్నవారంతా ‘ఇసే’, అంటే అలాగే జరుగుగాక, అని బదులిచ్చారు. మర్యాద కోసం నేనూ ఇంగ్లీషులో నాలుగు మంచి మాటలు చెప్పబోయాను. పక్కనున్నాయన నా మోకాలి మీద చెయ్యి వేసి ‘కోలాకు ఇంగ్లీషు రాదు’ అన్నాడు. నేనది హాస్యమనుకున్నాను. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే లాయర్లు, డాక్టర్లు ఉన్నా, ఆ ప్రార్థన ఇగ్బోలోనే జరగాలన్నది అక్కడ అందరూ పాటించే నియమమని తర్వాత తెలిసింది. గింజను విడదీస్తే నాలుగు బద్దలు వచ్చాయి, అందరి ముఖాలూ వెలిగాయి. ఇగ్బోల వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్‌క్వొ. నాలుగు సంతరోజులూ నిండుగా ఉన్నాయని ఆ బద్దలు చెప్పినట్టు. నవలలో కథానాయకుడి ‘ఒకొంక్వో’ అన్న పేరుకు న్‌క్వొ రోజున పుట్టిన మగబిడ్డ అని అర్థం. ఒకెకె, ఒకొరియె, ఒకఫొర్ కూడా అలా సంతరోజుల మీద వచ్చిన పేర్లే.

గింజ రుచి మాత్రం వగరు, చేదు. కాఫీలోని కెఫీన్ దీనిలోనూ ఉంటుంది కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వెళ్లేటప్పుడు పెద్దాయన ఒక గింజను పగలగొట్టకుండా నా చేతిలో పెట్టి, ‘కోలా ఇల్లు చేరితే ఎక్కడి నుంచి వచ్చిందో అదే చెబుతుంది’ అన్నారు. సెలవుల్లో ఖమ్మం వెళ్లినప్పుడు నా పెట్టెలో అది చూసి మా అమ్మ ‘ఇదేం వక్కరా?’ అని అడిగింది. ఆ పూట వంటింటి గడప మీద కూర్చుని ఆ పల్లె గురించి, ఆ పెద్దాయన గురించి ఆమెకు చెప్పవలసి వచ్చింది.

పిల్లల కథల గురించి మీరు అడగలేదు గాని ఒక మాట చెబుతాను. ఆ పల్లెలో కరెంటు పోయిన రాత్రి ఇంటి పెద్దావిడ తాబేలు కథ చెప్పింది. పక్షుల విందుకు వాటి రెక్కలే అరువు తీసుకుని వెళ్లిన తాబేలు, తన పేరు ‘మీరందరూ’ అని పెట్టుకుంటుంది. ఈ విందు ఎవరికని అడిగితే ‘మీరందరికీ’ అన్న జవాబు రాగానే వడ్డించినదంతా తానే తినేస్తుంది. అచెబె నవలలో ఈ కథ ఉంది. మీరింకా అక్కడికి వచ్చి ఉండకపోవచ్చు. నన్ను కట్టిపడేసినది కథకన్నా పిల్లలు విన్న తీరు. ఆమె ‘చక్‌పీ!’ అంటే పిల్లలు ‘వో!’ అనాలి. అనకపోతే కథ నడవదు. మనం ‘ఊఁ’ కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసినట్టే. ‘మీరందరికీ’ అన్న చోట పిల్లలు తాబేలు మీద కోపంతో అరిచారు. ఊరందరి పేరు చెప్పి ఒక్కడే తినేవాణ్ని గుర్తుపట్టడం వాళ్లు ఆ వయసులోనే నేర్చుకుంటున్నారు. ‘ఇగ్బోలకు రాజు లేడు’ అన్నది వారు గర్వంగా చెప్పుకునే నానుడి. రాజు లేని ఊళ్లో పంచాయితీ నడవాలంటే ఆ చదువు తప్పనిసరి.

ఇదంతా చదివి అక్కడి జీవితం సామరస్యంతో నిండిన స్వర్గమని అనుకోకండి. ఆ రోజు మాకోసం కోలా కొని తెచ్చినది స్టోర్ కీపరు అక్కగారు. ఆమె లాగోస్‌లో బ్యాంకు ఉద్యోగి. ‘నేనే కొన్నాను, కాని పగలగొట్టే హక్కు నాకు లేదు’ అని నవ్వుతూ అన్నా, ఆ నవ్వులో పుల్లదనం ఉంది. స్త్రీలు కోలా పగలగొట్టకూడదన్నది సంప్రదాయం. అచెబె నవలలో స్త్రీల మాట తక్కువగా వినిపిస్తుందనే విమర్శకు నేనూ ఒప్పుకుంటాను. ఆ లోటు తీరాలంటే ఇగ్బో రచయిత్రి ఫ్లోరా న్వాపా 1966లో రాసిన ‘ఎఫురు’ చదవాలి. అందులో కథ ఎక్కువ భాగం సంతలో, పెరట్లో ఆడవాళ్లు చెప్పుకునే మాటల్లోనే నడుస్తుంది.

పైగా ఇగ్బో స్త్రీల నోట పాట ఒక ఆయుధం కూడా. భార్యను హింసించినవాడి ఇంటి ముందు ఊరి ఆడవాళ్లంతా చేరి, వాడిని వెక్కిరించే పాటలు కట్టి, వాడు దిగివచ్చేదాకా పాడుతూ కూర్చోవడం పాత ఆచారం. ‘మగవాడి మీద కూర్చోవడం’ అని దానికి పేరు. 1929 నవంబరులో ఒలొకో అనే ఊళ్లో, పన్ను కోసం జనాన్ని, మేకలను లెక్కపెట్టడానికి వచ్చినవాణ్ని న్వాన్యెరువా అనే స్త్రీ నిలదీసినప్పుడు, ఈ ఆచారమే బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన గ్రామాధికారుల మీదికి మళ్లి, వేలాది స్త్రీల తిరుగుబాటుగా మారింది. కాల్పుల్లో యాభై మందికి పైగా స్త్రీలు చనిపోయారు. మౌఖిక సంప్రదాయం అనగానే జోలపాటలు, నీతికథలు మాత్రమే తలచుకునేవారికి నేనీ సంగతి తప్పక చెబుతాను.

ఇంకొక చేదు నిజం ‘ఒసు’ వ్యవస్థ. పూర్వం దేవతలకు అంకితం చేసినవారి సంతతిని వెలివేసి, వారితో పెళ్లిసంబంధాలు కలుపుకోకపోవడమే ఒసు. తూర్పు నైజీరియా శాసనసభ 1956లో దీనిని రద్దు చేస్తూ చట్టం చేసింది. అయినా నేనున్న రోజుల్లో మా ఫ్యాక్టరీలోనే ఒక కుర్రవాడి పెళ్లి ఈ కారణంతో ఆగిపోయింది. అతను కారణం చెప్పలేదు. చుట్టుపక్కలవారు గొంతు తగ్గించి చెప్పారు. ఆ గొంతు తగ్గించడం నాకు పరాయిగా అనిపించలేదు. మీరు చదువుతున్న నవలలో ఒకొంక్వో కొడుకు న్వోయే తండ్రిని కాదని క్రైస్తవుల్లో కలుస్తాడు. ఒసులను లోపలికి రానిచ్చినది ఆ చర్చే. 1960లో వచ్చిన అచెబె నవల ‘నో లాంగర్ ఎట్ ఈజ్’లో అదే న్వోయే ముసలివాడై, తన కొడుకు ఒసు అమ్మాయిని పెళ్లాడతానంటే ఒప్పుకోడు. రెండు నవలలనూ వెంటవెంటనే చదివితే తప్ప ఈ దెబ్బ తగలదు, అందుకే వాటిని విడదీయకుండా చదవమని నా సలహా.

తెలుగులో దొరికే పుస్తకం అడిగారు గనుక: కెన్యా రచయిత న్గూగీ వా థియాంగో నవల ‘డెవిల్ ఆన్ ద క్రాస్’కు వరవరరావు చేసిన అనువాదం ‘మట్టికాళ్ల మహారాక్షసి’ చూడండి. న్గూగీ దానిని జైల్లో టాయిలెట్ కాగితాల మీద, తన గికుయు భాషలో రాశాడు. వరవరరావు కూడా జైల్లో ఉండగానే అనువదించారు. ఇది ఇగ్బోల కథ కాదు, ఖండానికి ఆ చివర ఉన్న దేశం కథ. అయితే కథ చెప్పేవాడు అక్కడి గిచాండి గాయకుడు, అంటే సొరకాయ బుర్ర వాయిస్తూ పాడేవాడు. 1980లో గికుయులో అచ్చయినప్పుడు దానిని ఇళ్లలో, బార్లలో ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవారు చుట్టూ చేరి విన్నారు. మీరు కూడా మొదటి అధ్యాయాన్ని మాత్రం మనసులో చదువుకోకుండా, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి పైకి చదివి వినిపించండి.